హుండీలో వేసిన కళ్ళజోడు

మా ఇంటి గేటు నుంచి వరండా గోడకు సరిగ్గా ఆరు మీటర్లు. టేపు పెట్టి కొలిచాను. కంటి పరీక్షలో అక్షరాల పట్టికను ఆరు మీటర్ల దూరంలో పెట్టాలి. లోకంలో అందరూ ఆ పరీక్షకు ఆసుపత్రికి వచ్చి ఫ్యాను కింద కుర్చీలో కూర్చుంటారు. మా పెదనాయన చెంగల్రాయుడు మాత్రం వీధిలో నిలబడతాడు. నేను వరండా గోడకు పట్టిక తగిలించి పుల్లతో ఒక్కో అక్షరం చూపిస్తుంటే, ఆయన గేటు అవతల నుంచి ఒక కన్ను మూసుకుని చదువుతాడు. దారిన పోయేవాళ్ళు ఊరుకుంటారా? పాలకేంద్రం నుంచి వస్తున్న మునెమ్మ క్యాను దించి మరీ ఆగుతుంది.

"అది 'గ' గాదు రాయుడన్నా, 'శ'. సరిగ్గా సూడు."

"అక్కా, నువ్వు చెప్పొద్దు! పరీక్ష ఆయనకి!" అని నేను అరుస్తాను.

"పాపం తెలియక తిప్పలు పడతా ఉంటే చెప్పినా, తప్పా?" అంటుంది.

తిరుపతిలో ఒక కంటి ఆసుపత్రిలో చూపు పరీక్షలు చేయడం నా ఉద్యోగం. దామలచెరువు దగ్గర మా ఊరి నుంచి రోజూ బస్సులో పోయి వస్తాను. రోజుకు యాభై అరవై మందిని చూస్తాను. కంట్లో ఆముదం పోసుకుని వచ్చినవాళ్ళు, పక్కింటివాళ్ళ చుక్కలమందు వేసుకుని వచ్చినవాళ్ళు, చచ్చిపోయిన మొగుడి కళ్ళజోడు పెట్టుకుని "నాకేమీ కనపడలేదమ్మా" అనేవాళ్ళు, అందరితోనూ ఓపిగ్గానే మాట్లాడతాను. ఆ ఓపికంతా సాయంత్రం మా గేటు దగ్గరికి వచ్చేసరికి అయిపోతుంది.

ఆ గేటు కథ ముందు చెప్పాలి. పదకొండేళ్ళ కిందట మా నాయన సుబ్రమణ్యం ఇంటికి కొత్త ఇనుప గేటు పెట్టించాడు. అదే రోజు సాయంత్రం పెదనాయన మోపెడ్ మీద వచ్చి తిన్నగా దాన్ని గుద్దాడు. మోకాలు చెక్కుకుపోయింది. మా నాయన పరిగెత్తుకొచ్చి లేపాల్సింది పోయి, "ఏందన్నా, కళ్ళు కనపడలేదా?" అన్నాడు. పెదనాయన తనంతట తనే లేచి పంచె దులుపుకున్నాడు. "నా కళ్ళకేమీ రోగం లేదు. ఈ గేటు ఉన్నన్నాళ్ళు నీ ఇంట్లో అడుగు పెట్టను, ఒట్టు" అన్నాడు.

అంతే. పదకొండేళ్ళు. గేటు తీసేస్తే తప్పు తనదని ఒప్పుకున్నట్టవుతుందని మా నాయన తీయలేదు. ఒట్టు పెట్టుకున్నాడు కాబట్టి పెదనాయన లోపలికి రాలేదు. పోనీ మాటలు మానుకున్నారా అంటే అదీ లేదు. రోజూ సాయంత్రం ఆయన వీధిలో, ఈయన వరండాలో, మధ్యలో గేటు. గంటసేపు కేకలు వేసుకుంటూ కబుర్లు చెప్పుకుంటారు. మా అమ్మ కాఫీ గ్లాసు గేటు మీదుగా అందిస్తుంది. నన్ను చూడడానికి పెళ్ళివాళ్ళు వస్తే ఆయన వీధిలోనే నిలబడి, అబ్బాయిని గేటు దాకా పిలిపించుకుని ఎంత చదివినావని అడిగాడు. ఆ సంబంధం కుదరలేదు. ఎందుకు కుదరలేదో నేను అడగలేదు.

పెదనాయన మామిడి అంట్లు కట్టే మనిషి. మా ఊరికి రెండు మైళ్ళ దూరంలో కృష్ణమూర్తి గారి నర్సరీ ఉంది. అందులో ముప్పై ఎనిమిదేళ్ళుగా ఈయనదే చేయి. టెంక నుంచి మొలిచిన నాటు మొక్కను తల కోసి చీల్చాలి. మంచి చెట్టు నుంచి తెచ్చిన పుల్లను కొస సన్నగా చెక్కి ఆ చీలికలో దూర్చాలి. రెండింటి పచ్చి బెరడు ఒకదానికొకటి ఆనేటట్టు ప్లాస్టిక్ రిబ్బన్‌తో బిగించి చుట్టాలి. వెంట్రుక వాసి తేడా వచ్చినా పుల్ల ఎండిపోతుంది. అన్నిటికన్నా పెద్ద సంగతి ఇంకొకటి ఉంది. బేనీషా, అంటే బంగినపల్లి, అని చెప్పి కట్టింది బేనీషానే కాయాలి. కాపు వచ్చేది నాలుగైదేళ్ళకు. అందాకా రైతు దగ్గర ఉండేది అంటు కట్టినవాడి మాట ఒక్కటే. అందుకే మా చుట్టుపక్కల తోటలవాళ్ళు మొక్క కొనేముందు "రాయుడు కట్టిందేనా?" అని అడుగుతారు. అవునంటే ఇంకో ప్రశ్న వేయరు. పెదనాయనకు పొలం లేదు, పిల్లలు లేరు. ఆయన సంపాదించుకున్నది ఆ పేరే. దాన్ని తన చేతులతోనే పోగొట్టుకునేదాకా తెచ్చుకున్నాడు. నా కోపమంతా అందుకే.

యాభై దాటాక ఆయనకు దగ్గరి చూపు తగ్గింది. అందరికీ తగ్గేదే. నలభై దాటితే కంటిలోని కటకం బిగుసుకుంటుంది, దగ్గరి వస్తువు మీద చూపు నిలవదు. ఇది జబ్బు కాదు, జుట్టు నెరవడం లాంటిదే, అద్దాలు పెట్టుకుంటే సరిపోతుంది. అప్పుడే ఈ చదువులో చేరాను కదా, ఉత్సాహంగా ఇదంతా వివరించాను. "అద్దాలు పెడితే కళ్ళకు సోమరితనం వస్తాది పాపా" అన్నాడు. ఒక ఏడాది పాటు మొక్కను బారెడు దూరంలో పెట్టుకుని కట్టాడు. ఆ తర్వాత తిరుపతి బస్టాండు దగ్గర బండి మీద ఒక కళ్ళజోడు కొనుక్కున్నాడు. ఎలా ఏరుకున్నాడు? అద్దంలో చూసుకుని, ముఖానికి ఏది బాగుంటే అది. పవరు ఎక్కువై నెల రోజులు తలనొప్పి. "సూసినావా? అద్దాలు మంచివి గావని చెప్తే విన్నావా?" అని తిరిగి నన్నే అన్నాడు.

చివరికి గేటు దగ్గరే పరీక్ష చేసి, నేనే పవరు రాసి, నేనే ఫ్రేము ఏరి తెచ్చి ఇచ్చాను. పెట్టుకున్నాడు. అయితే నర్సరీలో ఎండ పడకుండా కట్టిన పచ్చ వల కింద ఉక్కకు చెమట పట్టి జోడు ముక్కు మీద నుంచి జారిపోయేది. తాడు కట్టుకుంటే ఆ తాడు పోయి పుల్లలకు తగులుకునేది. విసిగిపోయి ఒక రోజు కొండ వైపు తిరిగి దండం పెట్టుకున్నాడట. "సామీ, దగ్గరికి పెట్టుకునే ఈ అద్దాల పీడ వదిలించు. నిలువుదోపిడీ ఇచ్చుకుంటా."

ఆ మొక్కు సంగతి ఎనిమిదేళ్ళు మాకెవరికీ తెలియదు. రెండేళ్ళ కిందట కార్తీకమాసంలో ఒక పొద్దున గేటు దగ్గర నుంచి ఒకటే కేకలు.

"బానూ! ఏదైనా సన్నక్షరం ఉండేది తీసుకురా!"

మా నాయన బీపీ మాత్రల అట్ట ఇచ్చాను. కళ్ళజోడు లేదు. అట్టను ముఖానికి దగ్గరగా పెట్టుకుని తయారైన తేదీ, గడువు తేదీ, కింద చీమ తలకాయంత అంకెలు, అన్నీ గడగడా చదివేశాడు. వీధిలో నలుగురు పోగయ్యారు. "సామి వదిలించినాడు! ఇంగ నాకు అద్దాల్తో పని లేదు!" అన్నాడు. ముఖం వెలిగిపోతోంది.

 అరవై ఒక్క ఏళ్ళ మనిషికి దగ్గరి చూపు ఉన్నట్టుండి తిరిగొచ్చిందంటే ఏమిటో నాకు తెలుసు. "పెదనాయనా, వరండాలో కూర్చోనుండేది ఎవరు?" అని అడిగాను. కళ్ళు చికిలించి చూశాడు. "తెల్లగా ఏందో ఉండాది. మీ నాయన పంచె" అన్నాడు. అది తీగ మీద ఆరేసిన దుప్పటి.

బతిమాలి, బెదిరించి, ఆసుపత్రికి తీసుకుపోయాను. కంట్లో చుక్కలు వేసి డాక్టరమ్మ చూసింది, నేనూ చూశాను. రెండు కళ్ళల్లోనూ శుక్లాలు, మధ్యభాగం తేనెరంగుకు తిరిగింది. ఆయనకు మూడుసార్లు వివరించాను. శుక్లం ముదిరేటప్పుడు కటకం గట్టిపడి వెలుతురును ఎక్కువగా వంచుతుంది. దాంతో దూరం చూపు పడిపోతుంది, దగ్గరిది మాత్రం కొన్నాళ్ళు బాగుపడినట్టు ఉంటుంది. ఆ తర్వాత అదీ మసకబారుతుంది. ఆపరేషన్ తప్ప దీనికి మందు లేదు.

అంతా విని కుర్చీలోంచి లేచాడు. "సామి ఇచ్చినాడంటే నీకు నమ్మకం లేదు. శుక్లం ఇచ్చిందంటే నమ్ముతావు. ఇదేనా మీ చదువు?" అన్నాడు. తిన్నగా బస్టాండుకు వెళ్ళిపోయాడు.

ఆ డిసెంబరులో కొండకు పోయి మొక్కు తీర్చాడు. వెంట పోయిన చంద్రకాంతమ్మ పెద్దమ్మ తిరిగొచ్చి మా అమ్మ దగ్గర తల కొట్టుకుంటూ చెప్పింది. అలిపిరి మెట్ల మీద నడిచి పోయారు. దర్శనం అయ్యాక హుండీ దగ్గర ఉంగరం తీసి వేశాడు. వాచీ, వెండి మొలతాడు వేశాడు. తర్వాత జేబులోంచి కళ్ళజోడు తీసి, ముక్కు మీద పెట్టుకుని, మళ్ళీ తీసి హుండీలో వేశాడు.

"అదెందుకయ్యా అంటే, మొక్కుకున్న పొద్దు ఇది ముఖం మీద ఉన్నింది, ఒంటి మీద ఉండేటివన్నీ ఇస్తానంటి గదా అన్నాడు. దాని ఎనక సొక్కాయ. దాని ఎనక తువ్వాల. పంచె మీద చెయ్యి ఏసేతలికి నేను గట్టిగా పట్టుకున్నా!" అంది పెద్దమ్మ. ఆ చలిలో ఒట్టి ఒంటితో బస్సులో దిగి వచ్చాడు.

 నేను పవరు చూసి, ఆయన ముక్కుకు సరిపడేలా కాడలు వంచి, తుడుచుకునే గుడ్డతో సహా ఇచ్చిన కళ్ళజోడు అది! స్వామివారికి ప్లస్ రెండున్నర పవరు దేనికి?

ఆ తర్వాత ఏడాదిన్నర పైన నేను అన్నీ చూస్తూనే ఉన్నాను. సాయంత్రాలు మోపెడ్ మానేశాడు, ఎదురు బండ్ల లైట్లు చీలిపోయి కనబడుతున్నాయని పెద్దమ్మతో అన్నాడట. ఎండలో నడిచేటప్పుడు అరచేయి అడ్డం పెట్టుకునేవాడు. పొంగలి గిన్నె అనుకుని సున్నం డబ్బాలో గరిటె పెట్టాడు. ఎప్పుడు అడిగినా గేటు అవతల నుంచి ఒకటే జవాబు. "సామి ఇచ్చిన కళ్ళు. బాగుండాయి." నలుగురిలో అంత మాట అన్న మనిషి వెనక్కి ఎలా వస్తాడు?

పోయిన ఆగస్టులో కృష్ణమూర్తి గారు ఫోన్ చేశారు. "అమ్మా భానూ, ఒకసారి నర్సరీకి వచ్చిపో. మీ పెదనాయనకు చెప్పొద్దు."

సెలవు పెట్టి పోయాను. ఆయన నన్ను వరసల మధ్యకు తీసుకుపోయాడు. కొత్తగా కట్టిన అంట్లలో సగానికి సగం పుల్లలు ఎండి నల్లబడి ఉన్నాయి. ముప్పై ఎనిమిదేళ్ళలో ఇలా ఎప్పుడూ లేదన్నాడు. తర్వాత ఇంకో వరస దగ్గర ఆగి ఒక మొక్క చూపించాడు. పోయినేడు కట్టింది, చిగుళ్ళు వేసి బాగానే ఉంది. చీటీ మీద పెదనాయన రాతలో 'బేనీషా' అని ఉంది.

"ఆకు చూడమ్మా. ఇది తోతాపురి."

 తోతాపురి ఫ్యాక్టరీకి తోలే కాయ, బేనీషా తినే పండు. బేనీషా అని తోట వేసినవాడు ఐదేళ్ళు నీళ్ళు పోసి పెంచి, కాపు చూసి నెత్తిన చేతులు పెట్టుకుంటాడు.

"ఎన్ని ఇట్ల ఉండాయి?" అని అడిగాను.

"ఇక్కడున్నవి ఏరతా ఉండాను. ఈ వానలకు జనం తీసుకుపోయి నాటుకున్న వాటిల్లో ఎన్ని ఉండాయో ఆ దేవుడికే తెలియాల."

"మరి ఆయనకు చెప్పలేదా?"

"చెప్తే ఈ నర్సరీలో ఇంగ అడుగు పెట్టను అంటాడు. అన్నాడంటే పెట్టడు. మీ గేటు సంగతి నాకు తెలీదా అమ్మా?"

నాకు ఒళ్ళు మండింది. కృష్ణమూర్తి గారి మీద, పెద్దమ్మ మీద, మా నాయన మీద, నా మీద. ఒక మనిషి నోట ఒట్టు వస్తుందేమోనని ఊరు ఊరంతా ఆయన చుట్టూ నోరు మూసుకుని తిరుగుతోంది. పెదనాయన అటు చివర వల కింద కూర్చుని ఉన్నాడు. ముక్కు మొక్కకు తగులుతోంది. చీలిక ఎక్కడుందో బొటనవేలి గోటితో తడుముకుంటున్నాడు. ఏడాదిన్నరగా దాచుకున్న తిట్లన్నీ నోటి దాకా వచ్చాయి. ఆ మొక్క తీసుకుని పోయి ఆయన ముందు నిలబడ్డాను.

"పెదనాయనా, ఇది ఏం మొక్క?"

"బానూనా? నువ్వేంది ఈడ? సీటీ ఉండాది గదా, సూడు."

"చీటీ వద్దు. నువ్వు చెప్పు."

మొక్కను అందుకున్నాడు. ఆకు అంచు వెంట వేలు పోనిచ్చాడు. వేలు మధ్యలో ఆగింది. ఆకు కొస తుంచి, నలిపి, వాసన చూశాడు. ఇంకో ఆకు తుంచి మళ్ళీ చూశాడు. తర్వాత చీటీని తడుముకుని కంటికి ఆనించుకున్నాడు. చాలాసేపు పట్టింది.

"దీన్ని రాసింది నేనేనా?"

"నువ్వే."

"వాసన సూసింటే తెలిసిపొయ్యుండును" అన్నాడు మెల్లగా. "కళ్ళుండాయి గదా అని సూసుకోకనే పోయినా."

నేను దాచుకున్న తిట్లలో ఒక్కటీ బయటికి రాలేదు. ఆయన లేచి కృష్ణమూర్తి గారి వైపు తిరిగాడు. "పోయినేడు కట్టినేటివి యాడాడికి పోయినాయప్పా?"

ఆయన ఏడెనిమిది ఊళ్ళ పేర్లు చెప్పాడు.

"కాపు వచ్చేదాకా వాళ్ళంతా నన్ను నమ్ముకోని ఉంటారు" అన్నాడు పెదనాయన. కత్తి తుడిచి, మడిచి, కృష్ణమూర్తి గారి చేతిలో పెట్టాడు. చూపు వచ్చేదాకా అది తన చేతిలో ఉండకూడదన్నాడు.

మరుసటి రోజు సాయంత్రం గేటు దగ్గర ఆపరేషన్‌కు ఒప్పుకున్నాడు. హమ్మయ్య అనుకునేలోపల ఒక మెలిక పెట్టాడు. స్వామి ఇచ్చిందాన్ని కోసి చెత్తలో పారేస్తే ఎలా? కంటిలోంచి తీసింది తన చేతికి ఇవ్వాలి, తీసుకుపోయి హుండీలో వేస్తాడట. "ఇయ్యకపోతే నేను ఆపరేషను..." అని ఒట్టు పెట్టుకోబోతుంటే, గేటు కమ్మీల సందులోంచి చేయి పెట్టి ఆయన నోరు మూసేశాను. డాక్టరమ్మను అడిగితే, శరీరంలోంచి తీసినవి బయటికి ఇవ్వకూడదు, అది నియమం అంది. రెండు రోజులు ఆయనకూ ఆమెకూ మధ్య తిరిగి తిరిగి, చివరికి ఇవ్వరు కానీ చూపిస్తారు అనే చోట ఒప్పందం కుదిర్చాను.

ఇంకో గొడవ మిగిలింది. మబ్బు పట్టిన కటకం తీసేశాక దాని చోట చిన్న కృత్రిమ కటకం పెడతారు. మామూలు కటకం ఒక దూరానికే స్పష్టంగా చూపిస్తుంది. దూరానికి పెట్టించుకుంటే దగ్గరికి అద్దాలు కావాలి, దగ్గరికి పెట్టించుకుంటే దూరానికి అద్దాలు కావాలి. రెండింటికీ పనికొచ్చే రకం కూడా ఉంది కానీ, దాంట్లో లైట్ల చుట్టూ వలయాలు కనబడతాయి, సన్నని పనికి తేటదనం కొంచెం తగ్గుతుంది, ఈయన పనికి అది వద్దని డాక్టరమ్మే చెప్పింది. నూటికి తొంభైమంది దూరమే కోరుకుంటారు. మా గేటు దగ్గర కూడా అందరూ ఒక్కటే మాట. పెద్దమ్మ పాములు కనబడాలంది. మా అమ్మ రోడ్డు మీద లారీలంది. మా నాయన వరండాలోంచి, "దూరమే పెట్టించుకోన్నా, గేట్లు కనపడతాయి" అన్నాడు. ఈయన ఒకడు!

"దగ్గరికే" అన్నాడు పెదనాయన.

"అద్దాల పీడ వదిలించమని మొక్కుకుంటివి, మళ్ళా అద్దాలా?" అని మా నాయన లేచాడు.

"నేను మొక్కింది దగ్గరి అద్దాలకి. దూరం సంగతి సామితో మాట్లాడలేదు."

పెద్దమ్మకు కళ్ళనీళ్ళొచ్చాయి. "రేపు కొండకు పోతే సామి ముఖం కనపడొద్దా నీకు? వాళ్ళు జరుగు జరుగు అని తోసేలోపల అద్దాలు యాడ ఎతుక్కుంటావు?"

"నేను సూడకపోయినా సామి నన్ను సూస్తాడు. అంటుమొక్క నన్ను సూస్తాదా?"

 ఆయన వీధిలోనే గొంతుక్కూర్చుని, ఎడమచేత్తో లేని మొక్కను, కుడిచేత్తో లేని కత్తిని పట్టుకున్నాడు. "కొలువు పాపా. నా కన్ను ఈడ, నా చెయ్యి ఈడ. కటకం దీనికి సరిపోవాల." టేపు తెచ్చి కొలిచాను. ముప్పై ఎనిమిది సెంటీమీటర్లు. ఇన్నేళ్ళ ఉద్యోగంలో తనకేం కావాలో ఇంత కచ్చితంగా చెప్పిన రోగి ఇంకొకరు లేరు. ఆ మాట మాత్రం ఆయనతో అనలేదు, అంటే మళ్ళీ పట్టలేం.

ముందు కుడికన్ను చేశారు, ఎడమది తర్వాత చేద్దామన్నారు. ఇరవై నిమిషాల పని. తీసిన కటకాన్ని డాక్టరమ్మ చిన్న స్టీలు గిన్నెలో వేసి చూపించింది. ముదిరిపోయి, గోధుమరంగులో, కందిగింజంత ఉంది. పెదనాయన రెండో కంటితో గిన్నెను ముక్కు కిందికి తెచ్చుకుని చూశాడు.

"ఇదేనా?"

"ఇదే."

"దీనికా నేను ఎండి మొలతాడు ఇచ్చింది?" అన్నాడు.

మరునాడు కట్టు విప్పితే పెద్దమ్మ ముఖం చూడలేదు, నా ముఖం చూడలేదు. తన అరచేయి చూసుకున్నాడు. గోళ్ళ సందుల్లో మట్టి, వేళ్ళ మీద పాత కత్తిగాట్లు, ఒక్కొక్కటే. ఇంటికి పంపేటప్పుడు చుక్కలు ఎప్పుడెప్పుడు వేసుకోవాలో చెప్పి, తల మీద నీళ్ళు పోసుకోవద్దు, ఎప్పుడు పోసుకోవాలో నేనే చెప్తాను అన్నాను. తర్వాతి పరీక్షలో పనితొందరలో ఆ మాట చెప్పడం మరిచిపోయాను. నలభై ఏడు రోజులు తలస్నానం చేయలేదు! దగ్గరికి పోతే వాసన. పెద్దమ్మ వచ్చి మొత్తుకుంటే, "పాప చెప్పలేదు గదా" అన్నాడట.

తల మీద నీళ్ళు పడిన మర్నాడే ఆదివారం. పొద్దున్నే గేటు దగ్గర హారన్ మోగినట్టు కేక. దూరం అద్దాలు పెట్టుకుని, కృష్ణమూర్తి గారి నుంచి తెచ్చుకున్న కత్తి జేబులో పెట్టుకుని, చేతిలో ఎర్రదారం ఉండతో నిలబడి ఉన్నాడు. "స్కూటరు తియ్యి. తోటలకు పోదాం" అన్నాడు. నాకు దొరికేది ఒక్క ఆదివారం. అప్పటి నుంచి అదీ లేదు.

మొదట పోయింది చిన్నబ్బ అనే రైతు తోటకు. ఈ వానలకు నాటినవి, మోకాలెత్తు పెరిగాయి. పెదనాయన అద్దాలు తీసి జేబులో పెట్టుకుని, ఒక్కో మొక్క దగ్గర వంగి, ఆకు చూసి, తుంచి, నలిపి, వాసన చూసి ముందుకు పోతున్నాడు. తేడా ఉన్నదానికి ఎర్రదారం కడుతున్నాడు. చిన్నబ్బ మొదట నవ్వుతూ వెంట నడిచాడు. ఆరేడు దారాలు పడేసరికి నవ్వు పోయింది.

"ఏందన్నా ఇది? బాగా పెరగతా ఉండాయి గదా?"

"బాగా పెరగతా ఉండేది తోతాపురి. నీకు బేనీషా అని చెప్పినాను."

"నువ్వు కట్టి ఎట్ల తప్పుతాదన్నా? పనోళ్ళు పుల్లలు కలిపేసినారా?"

ఎంత మంచి సాకు! చిన్నబ్బ తనే చేతికి అందించాడు. నేను కూడా, "అవునన్నా, అప్పుడు ఆయనకు ఒంట్లో..." అని మొదలుపెట్టాను. పెదనాయన చేయెత్తి నన్ను ఆపాడు.

"పనోళ్ళు గాదు. నాకు కళ్ళు కనపడలేదబ్బా. కనపడలేదని ఎవురికీ చెప్పలేదు. చెప్పిన పిల్లను తిట్టినాను. వచ్చే ఆషాడంలో పుల్లలు తెచ్చి వీటి మీదనే మళ్ళా కడతాను. నా చేతి మీద నమ్మకం పోయుంటే వేరే వాళ్ళతో కట్టించుకో, నేను పుల్లలు తెచ్చిస్తా."

చిన్నబ్బ ఆయన వైపు, దారాల వైపు చూశాడు. "నువ్వే రాన్నా" అన్నాడు.

నాకు ఏడుపొచ్చింది. కోపమూ వచ్చింది. ఈ ఒక్క ముక్క అనలేకే కదా పదకొండేళ్ళు వీధిలో నిలబడ్డాడు? దీన్నే ఏడాదిన్నర ముందు మా గేటు దగ్గర అనుంటే ఈ తోటలన్నీ తిరిగే పని ఉండేదా? వచ్చేటప్పుడు స్కూటరు వెనక కూర్చుని, "ఆ గేటు మీ నాయన సరిగ్గానే పెట్టించినాడు పాపా. నేనే సూసుకోలేదు" అన్నాడు. నేను బండి ఆపలేదు. ఆపితే ఏం మాట్లాడతానో నాకే తెలియదు.

ఇంటి దగ్గర దిగి, ఎప్పటిలాగే వీధిలో నిలబడ్డాడు.

"ఇంకా ఎందుకు పెదనాయనా? లోపలికి రా!" అన్నాను.

"గేటు ఉండాది గదా. ఒట్టు ఒట్టే."

విసురుగా లోపలికి పోయి, తోటలో ఏమన్నాడో, స్కూటరు మీద ఏమన్నాడో మా నాయనకు చెప్పాను.  ఆయన వంటింట్లోకి పోయి, అమ్మ చేతిలోని రెండు కాఫీ గ్లాసులు తనే తీసుకున్నాడు. గేటు దగ్గర ఆగి, మోచేత్తో గడియ తీసి, వీధిలోకి పోయి అన్న పక్కన నిలబడ్డాడు. లోపలికి రానని ఒట్టు పెట్టుకున్నది ఆయన. బయటికి పోనని ఈయన ఎవరికీ ఒట్టు పెట్టలేదు. పదకొండేళ్ళలో ఈ ఆలోచన మా ఇంట్లో ఒక్కరికీ రాలేదు. రెండు కుర్చీలు తీసుకుపోయి వీధిలో వేశాను.